వెదురు దబ్బల శిక్ష

మా ఓర్వకల్లు మైదానంలో మట్టి కంటే రాయి ఎక్కువ. అక్కడ నిజంగా పడినవాడికి మోకాలు చెక్కుకుపోవాల్సిందే. రాళ్లు కొట్టి బతికే ప్రేమయ్య మాత్రం ఆటకు నాలుగుసార్లు, అదీ సరిగ్గా గోలు ముందరే పడేవాడు. ఒంటిమీద గీతైనా ఉండేది కాదు. మాకు పెనాల్టీ వచ్చేది. ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు, పన్నెండేళ్లలో మొదటిసారి, మా టీము కడపలో ఫైనలు ఆడబోతోంది. ఏం లాభం? అవతలి టీములవాళ్లు "మీది ఫుట్‌బాలా, నాటకమా?" అని నవ్వుతుంటే, ఆట నేర్పే డ్రిల్లు మాస్టరుని, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు నాకు.

అందుకని ఒక శిక్ష కనిపెట్టాను. ఎముకలు కట్టే ఓబులమ్మను తెచ్చి మైదానం గట్టున కూర్చోబెట్టాను. కాలు పోయిందని అరిచినవాడు ఆ కాలు ఆమె చేతిలో పెట్టాలి. ఆమె మినప్పిండి, గుడ్డుసొన పట్టించి, వెదురు దబ్బలు పెట్టి బిగించి కడుతుంది. మూడు ఆదివారాలు గడిచేదాకా విప్పదు. ముందే విప్పాలంటే, అందరి ముందూ "నాకేం కాలేదు" అని ఒప్పుకోవాలి.

ఫైనలు శనివారం. మంగళవారం ప్రాక్టీసులో ప్రేమయ్య పడ్డాడు. ఓబులమ్మ కట్టేసింది.

"ఒప్పుకోరా, శనివారం నువ్వు లేకుంటే ఎట్లరా?" అన్నాను.

"నిజంగానే శానా నొప్పి ఉండాది సార్," అన్నాడు ఆ మొండివాడు.

బుధవారం విజిల్ ఊదుతూ పరిగెత్తుతున్న నేను రాయి తట్టుకుని బోర్లా పడ్డాను. దెబ్బేం తగల్లేదు. కానీ మైదానమంతా గొల్లున నవ్వింది. కట్టుకాలితో గట్టున కూర్చున్న ప్రేమయ్య మరీ పొట్ట పట్టుకుని నవ్వాడు. అది భరించలేక "అమ్మో, కాలు పోయిందిరా!" అని అరిచాను. నవ్వు ఆగింది. ఓబులమ్మ లేచింది.

"వద్దులేమ్మా, అదే తగ్గిపోతాది."

"ఎట్ల తగ్గుతాది లాజరు సారూ? నువ్వు పెట్టిన రూలే గదా. కాలు ఈడ పెట్టు."

మైదానం పక్కనున్న చర్చి వరండాలో, కట్టుకాళ్లతో రెండు మంచాల మీద ఇద్దరం పడున్నాం. గుడ్డు వాసనకి ఒకటే ఈగలు. ఒప్పుకుంటే పరువు పోతుంది, ఒప్పుకోకపోతే కడప ప్రయాణం పోతుంది. ఈ వయసులో మళ్లీ ఫైనలు చూస్తానన్న నమ్మకం నాకు లేదు.

శనివారం తెల్లవారుతూనే చర్చి ముందర లారీ హారన్ మోగింది. టీమంతా ఎక్కి కూర్చుంది. సాగనంపడానికి ఓబులమ్మా వచ్చింది. ఇక నా వల్ల కాలేదు.

"నాకేం కాలేదు! ఊరికే అరిచాను!" అన్నాను అందరికీ వినపడేలా. సిగ్గుతో చెవులు మండాయి. ఒక్కడూ నవ్వలేదు.

పక్క మంచం మీద ప్రేమయ్య లేచి కూర్చున్నాడు. "నాకూ ఏం కాలేదు ఓబులమ్మా. ఎప్పుడూ ఏం కాలేదు," అన్నాడు. ఆమె ఇద్దరి కట్లూ కోసేసింది.

కడపలో ఒక గోలు వెనకబడ్డాం. ఆఖరి నిమిషంలో ప్రేమయ్య గోలు ముందర పడ్డాడు. రెఫరీ పెనాల్టీ ఇచ్చాడు. నేను గాల్లోకి ఎగిరాను. ప్రేమయ్య లేచి రెఫరీ దగ్గరికి పోయి, "నన్నెవరూ తొయ్యలేదు సార్, నేనే జారినా," అన్నాడు. పెనాల్టీ పోయింది. ఓడిపోయాం.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఎవడు చెప్పమన్నాడ్రా నిన్ను?" అని మీదికి పోయాను.

వాడు బిత్తరపోయాడు. "పొద్దున మీరే గదా సార్, మొదట చెప్పింది?"

అప్పుడు చూశాను. వాడి మోకాలు చెక్కుకుపోయి నెత్తురు కారుతోంది. జేబురుమాలు తీసి నేనే కట్టు కట్టాను.