నల్లకోటు మీద మెరుపు

నల్లబట్ట మీద ఇస్త్రీపెట్టె నేరుగా ఆనించకూడదు. పైన తడిగుడ్డ పరిచి, దాని మీద పెట్టె పెట్టి, ఆవిరి లోపలికి దిగాక ఎత్తాలి. లేకపోతే బట్ట మెరుపు తేలుతుంది. ఆ మెరుపు ఇక పోదు. పిన్ని కళ్లు మూసుకుని చేసినా ఆ పనిలో చెయ్యి తప్పదు. లాండ్రీలో అందరూ ఆమెను పిన్ని అనే పిలుస్తారు. పొట్టి మనిషి. బల్ల అందడానికి కాళ్ల కింద చెక్కపీట వేసుకుంటుంది. మణికట్టు నుంచి మోచేతి దాకా పాత కాలిన మచ్చలు.

ఆ ఉదయం ఒట్టి ఇస్త్రీకని బల్ల మీదికొచ్చిన కోటు లాయరమ్మది. ఎవరూ చెప్పనక్కర్లేకుండానే గుర్తుపట్టింది. నిమ్మపండు వాసన సెంటు. కొన్ని నెలలుగా ఆ వాసన పొడుగామె చొక్కాలకీ అంటుకుని ఇంటికొస్తోంది.

పొడుగామె సిటీ బస్సు నడుపుతుంది. ఆమే, పిన్నీ ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద, తలలు నెరిసేదాకా కాపురం చేశారు. ఇరుగుపొరుగుకి మాత్రం అక్కాచెల్లెళ్లు. ఆ అబద్ధాన్ని పుట్టించింది పిన్నే, పెంచి పెద్ద చేసిందీ పిన్నే. ఆడవాళ్లిద్దరైనా, మగవాళ్లిద్దరైనా పెళ్లి చేసుకునే హక్కు కావాలని లాయరమ్మ కోర్టుకెక్కినప్పుడు, ముందుగా సంతకం పెట్టినవాళ్లలో పొడుగామె ఉంది.

పిన్ని పెట్టలేదు. "మన గుట్టు మనింట్లో ఉండనీ. పదిమంది నోళ్లలో పడి నానడం నావల్ల కాదు" అంది.

అప్పటినుంచి పొడుగామె సాయంత్రాలు ఊరేగింపులకీ, సెలవురోజులు సభలకీ పోయాయి. ఇంటికొస్తే నోట లాయరమ్మ మాటే. లాయరమ్మ ఇలా వాదించింది, అవతలివాళ్ల నోరు అలా మూయించింది. వింటుంటే పిన్నికి ఒళ్లు మండిపోయేది. పైకి మాత్రం "టీ చల్లారిపోతోంది" అనేది.

తీర్పు ఇవాళే. "నువ్వూ రావే" అని పొద్దున పొడుగామె గుమ్మంలో నిలబడి అడిగింది. సెలవు ఇవ్వరంది పిన్ని. నిజానికి అడగనేలేదు.

"ఆ కోటు తొందరగా కానీ పిన్నీ, కోర్టుకి టైమవుతోందట" అన్నాడు యజమాని.

పిన్ని కోటు పరిచింది. ఎడమ భుజం మీద ఒక వెంట్రుక ఉంది. సగం తెల్లగా, సగం నల్లగా, పొట్టిగా. ఆ జుట్టుకి నెలనెలా కత్తెర వేసేది తనే. వెంట్రుకని తీసి తన కొంగుకి తుడుచుకుంది. తడిగుడ్డ పక్కకు లాగేసింది. ఇస్త్రీపెట్టె ఎత్తి, ఆ భుజం మీద నేరుగా ఆనించి, తన ఒంటి బరువంతా దాని మీద వేసింది.

మధ్యాహ్నం యజమాని టీవీ పెట్టాడు. గెలిచారు. కోర్టు మెట్ల మీద జనం ఒకళ్లనొకళ్లు వాటేసుకుంటున్నారు. మధ్యలో లాయరమ్మ, పక్కన పొడుగామె. పొడుగామె చెయ్యి లాయరమ్మ ఎడమ భుజం మీద ఉంది. వేళ్ల సందుల్లోంచి నల్లకోటు తళతళా మెరుస్తోంది. అది పిన్నికి తప్ప ఎవరికీ పట్టలేదు. పొడుగామె నోరంతా తెరిచి నవ్వుతోంది. ఆ నవ్వు పిన్ని ఎన్నడూ చూసింది కాదు.

"అరె, మీ అక్క కదూ పిన్నీ?" అన్నాడు యజమాని.

"కాదు. మా అక్కకి అంత నవ్వు రాదు" అంది పిన్ని, తర్వాతి చొక్కా అందుకుంటూ.

సాయంత్రం పొడుగామె చెప్పులు కూడా విప్పకుండా వచ్చి మంచం మీద కూర్చుంది. "రేపే రిజిస్ట్రారు ఆఫీసుకి పోదామే. మొదటి జంట మనమే కావాలంటోంది లాయరమ్మ."

"ఆవిడనే చేసుకో."

పొడుగామె పకపకా నవ్వింది. "ఆవిడకి మొగుడూ పిల్లలూ ఉన్నారే పిచ్చిదానా."

"నువ్వు నవ్వింది మాత్రం ఆవిడ పక్కనే."

"నువ్వొచ్చుంటే నీ పక్కన నవ్వేదాన్ని."

పిన్ని ఉతికిన దుప్పటి అందుకుని మడతపెట్టింది. "ఫొటోలు తీస్తారా?"

"తీస్తారు. పేపర్లోనూ వేస్తారు."

"లాండ్రీలో నేనేం చెప్పుకోను?"

"ఇవాళ నేను టీవీలో కనబడితే ఏం చెప్పావు?"

పిన్ని మడతపెట్టిన దుప్పటిని మళ్లీ విప్పి మళ్లీ మడతపెట్టింది. పొడుగామె ఆ చేతులకేసి చాలాసేపు చూసింది.

"నీ పక్కనుంటే నేనెవరికీ కనబడనే" అంది చివరికి. గొంతులో కోపం లేదు. "ఇన్నేళ్లూ అది కష్టమనిపించలేదు. ఇవాళ అనిపిస్తోంది."

తెల్లవారి ఆమె చిన్న సంచీలో యూనిఫాంలు సర్దుకుంది. డిపో వెనక గది ఇస్తారంది. పిన్ని గోడవైపు తిరిగి పడుకుని అంతా వింటూనే ఉంది. ఉండమనే మాట గొంతుదాకా వచ్చింది. అంతలో పక్క దిండులోంచి నిమ్మపండు వాసన ముక్కుకి తగిలింది. పళ్లు బిగబట్టింది. పొడుగామె తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా వేసి వెళ్లిపోయింది.

పనికి వేళయ్యాక పిన్ని లేచింది. కిటికీ పక్క కుర్చీలో, పొడుగామె బస్సు సీటు మీద వేసుకునే మెత్త ఉండిపోయింది. బ్రేకు తొక్కే కాలి బరువుకి కుడివైపు పూర్తిగా అణిగిపోయి, ఎడమవైపు ఇంకా కొత్తదానిలా ఉబ్బుగా.