అంతా కిటికీ గాలే

"సన్నగా చుట్టవే దేసా. లావుగా చుడితే ఈ ఇంటి కోడలికి ఒళ్ళు వంగదనుకుంటారు వచ్చినవాళ్ళు" అంది మా అత్త దొబ్రీలా. పులిసిన క్యాబేజీ ఆకుల్లో పంది కైమా, బియ్యం పెట్టి చుట్టే సర్మాలు అవి. పొద్దుటి నుంచీ చుడుతూనే ఉన్నాను. మర్నాడు మా అత్తింటిని తరతరాలుగా కాపాడే పునీతుడు దిమిత్రి పండుగ. మా చాచక్ ఊళ్ళో ఈ పండుగకి ఎవరినీ పిలవరు. వచ్చేవాళ్ళు వాళ్ళే వస్తారు. ఎందరొస్తారో తెలియదు కాబట్టి ఊరంతా వచ్చినా సరిపోయేట్టు వండి పెట్టుకోవాలి. ఇంటి యజమాని మాత్రం ఆ రోజంతా కూర్చోకుండా అతిథుల ముందు నిలబడి ఉండాలి, అది అతని వ్రతం. సాయంత్రానికి కాళ్ళు పట్టేశాయని మా ఆయన రాదిషా ఏటా మూలుగుతాడు, మా అత్త వేణ్ణీళ్ళ బకెట్టు తెచ్చి కాళ్ళ దగ్గర పెడుతుంది. నేనూ పొద్దున్నుంచీ నిలబడే ఉన్నాను కదా అత్తయ్యా అని ఒక ఏడు అన్నాను. "నువ్వు నిలబడేది వంటింట్లో కదే, దానికి వ్రతమేమిటి" అందావిడ.

చుడుతుండగానే నొప్పి మొదలైంది. కుడి పక్కటెముకల కింద పుట్టి, వీపు మీదికి పాకి, భుజం ఎముక దగ్గర పట్టుకుని కూర్చుంటుంది. వేసవి చివరి నుంచీ ఇదే తంతు, తిన్నాకే వస్తోంది. మొదటిసారి వచ్చినప్పుడే మా అత్త జబ్బేమిటో తేల్చేసింది. "కిటికీ గాలి తగిలింది. బస్సులో రెండు పక్కలా కిటికీలు తీసి కూర్చుంటారు, మీకు చెబితే వినరు." మా దేశంలో ఈ ఎదురెదురు కిటికీల గాలి చెయ్యని పాపం లేదు. పన్ను నొప్పి, నడుం నొప్పి, పిల్లలు పుట్టకపోవడం, అన్నీ దాని పనే. ఆగస్టు ఎండల్లో ఇంటి కిటికీలన్నీ బిగించి, ప్లమ్ సారాయిలో తడిపిన గుడ్డ నా వీపుకి కట్టింది. ఆ వాసనతోనే పోస్టాఫీసులో నా కౌంటర్ దగ్గర కూర్చున్నాను. "మేడమ్ పొద్దున్నే మొదలెట్టినట్టున్నారు" అన్నాడు పెన్షన్ కోసం వచ్చిన ముసలాయన, వెనక వరసంతా నవ్వింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే.

నాకు కౌంటర్ దొరికింది కూడా ఈ ఏడే. అంతకు ముందు ఎన్నో ఏళ్ళు వెనక గదిలో, కిటికీ లేని చోట, పార్సిళ్ళు సర్దేదాన్ని. నీకంటే పని తెలిసినవాళ్ళు లేరని మెచ్చుకుంటూనే నన్ను జనానికి కనబడని చోట ఉంచేవాడు మా మేనేజర్. అప్పుడు నేను లావు. లావంటే బజారులో నా మొగుడు నాకంటే రెండడుగులు ముందు నడిచేంత లావు. షుగరు పెరిగింది, మోకాళ్ళు మెట్లెక్కనివ్వలేదు, చివరికి బెల్‌గ్రేడ్‌లో డాక్టర్లు పొట్టలో ముప్పాతిక భాగం కోసి తీసేశారు. కోయించుకుంటానన్నది నేనే. ఎవరికీ చెప్పొద్దన్నది మాత్రం రాదిషా. "తిండి ఆపుకోలేక కత్తి పెట్టించుకుందని నవ్వుతారు. నడిచి తగ్గావని చెబుదాం. రోజూ నాతో మొరావా ఒడ్డున నడిచావు, అంతే." నాతో కలిసి వీధి చివరిదాకా కూడా నడవని మనిషి, ఒక్క మాటతో నన్ను నది పొడుగునా నడిపించేశాడు.

ఒళ్ళు మంచులా కరిగింది. వసంతంలో కోయించుకుంటే, చెర్రీలు పండేసరికే నా గౌన్లన్నీ జారిపోవడం మొదలైంది. మేనేజర్ నన్ను ముందు కౌంటర్‌కి మార్చి, "ఆఫీసుకి ఇప్పుడు కళ వచ్చింది" అన్నాడు. మా అత్త నేను రెండు చెంచాలు తిని పళ్ళెం జరిపేస్తే, పెళ్ళయిన తర్వాత మొదటిసారి, నన్ను బంగారుతల్లీ అని పిలిచింది. ఎంత తక్కువ తింటే అంత మంచి కోడలిని. అబద్ధమెందుకు, ఆ పొగడ్త నాకూ తియ్యగానే ఉండేది. ఆకలి వేసినా జరిపేసిన రోజులున్నాయి.

బెల్‌గ్రేడ్ డాక్టరమ్మ నన్ను ఇంటికి పంపే ముందే చెప్పింది. "ఇంత వేగంగా కొవ్వు కరిగితే పైత్యరసం చిక్కబడి పిత్తాశయంలో రాళ్ళు కడతాయి. చాలామందికి కడతాయి. ఆరు నెలలు ఈ మాత్ర ఒక్క పూట కూడా మానొద్దు. మరీ ఉపవాసాలు చెయ్యొద్దు. మీ ఊళ్ళోనే స్కానింగు చేయించుకో." నేను బుద్ధిగా తలూపాను. మాత్రల డబ్బా వంటింటి అలమరలో పెడితే మర్నాడు అక్కడ లేదు. ఎవరైనా చూస్తే దేనికని అడుగుతారని రాదిషా తన స్పానర్ల పెట్టెలో దాచాడు. "మందులు మానెయ్యడానికే కదే కోయించుకున్నావు, మళ్ళీ మందులేమిటి? లేని జబ్బుకి మాత్రలు మింగేదాన్ని నిన్నే చూస్తున్నాను" అంది మా అత్త. ఆ పెట్టెలోంచే తీసుకుని మింగుతుంటే డబ్బా అయిపోయింది. ఇంకోటి కొందామంటే మందుల షాపులో ఉండేది పక్కింటివాళ్ళ అమ్మాయి. స్కానింగు గదిలో ఉండేది మా పెళ్ళికి సాక్షిగా నిలిచిన మిరోల్యుబ్ భార్య. ఈ ఊళ్ళో పెళ్ళి సాక్షి అంటే సొంత అన్న కంటే ఎక్కువ, అతనింట్లో తెలిస్తే ఊరంతా తెలిసినట్టే. "వచ్చే ఏడు చూద్దాంలే, నొప్పా ఏమన్నానా" అన్నాడు రాదిషా. నొప్పి వచ్చాక, ఇది కిటికీ గాలే అన్నాడు.

పండుగ రోజు పొద్దున్నే పెద్ద మైనపు దీపం వెలిగించారు, రొట్టె కోసి ద్రాక్షసారా చల్లారు. పదకొండింటికల్లా హాలు నిండింది. గుమ్మంలో ప్రతి ఒక్కరికీ గోధుమల ప్రసాదం పళ్ళెం పట్టాలి, ఒక చెంచా తిని చెంచా నీళ్ళ గ్లాసులో వేస్తారు. ఆ పళ్ళెం పట్టుకుని నిలబడ్డ నాకు చలి పుట్టి పళ్ళు కొట్టుకున్నాయి. మిరోల్యుబ్ వచ్చి నన్ను ఎగాదిగా చూశాడు. "చెల్లెమ్మా, నీలో సగాన్ని ఎక్కడ దాచావు?"

"ఒకసారి తిరిగి చూపించవే" అన్నాడు రాదిషా.

తిరిగాను. చేతిలో పళ్ళెంతో, నలభై ఆరేళ్ళ మనిషిని, హాలు మధ్యలో ఒక చుట్టు తిరిగాను. "అంతా నడకే. వానొచ్చినా వదల్లేదు నేను" అని చెబుతున్నాడు మా ఆయన. అందరూ అతన్ని మెచ్చుకున్నారు.

సర్మాలు వడ్డిస్తుండగా నొప్పి కత్తిలా దిగింది. స్నానాలగదిలోకి వెళ్ళి కక్కుకున్నాను. తలెత్తి అద్దంలో చూస్తే కళ్ళు పసుపు రాసినట్టున్నాయి. తలుపు తీసి రాదిషాని పిలిచి చూపించాను. అతను చూశాడు. నిజంగానే చూశాడు, మొహం ఒక్క క్షణం మారింది కూడా. తర్వాత హాలు వైపు చూసి గొంతు తగ్గించాడు. "కాస్త ఓర్చుకో దేసా. సాయంత్రం అందరూ వెళ్ళాక తీసుకెళ్తా. పండుగపూట ఇంట్లోంచి మనిషిని మోసుకెళ్ళారంటే ఏడాదంతా చెప్పుకుంటారు." వెనక నుంచి మా అత్త సారాయి గుడ్డ పిండుకుంటూ వచ్చింది. "వీపు ఇటు తిప్పవే."

నాకు భయం వేసింది. నొప్పికి కాదు. ఈ ఇద్దరూ చెడ్డవాళ్ళు కారు, నేను చచ్చిపోతే గుండెలు బాదుకుని ఏడుస్తారు, కానీ అతిథులు వెళ్ళాకే ఏడుస్తారు. ఆ సంగతి స్పష్టంగా కనబడేసరికి భయం వేసింది. తలుపు గడియ పెట్టి, అంబులెన్సుకి నేనే ఫోన్ చేశాను.

వాళ్ళు వచ్చేసరికి హాల్లో పాట సాగుతోంది. డాక్టరు కుర్ర మనిషి, పిల్లలా ఉంది. మా అత్త గుమ్మంలోనే ప్రసాదం పళ్ళెం అడ్డం పెట్టింది. "ఇవాళ తినకుండా మా గడప దాటకూడదమ్మా."

"తర్వాతండీ" అని పళ్ళేన్ని పక్కకి జరిపి వచ్చింది ఆ అమ్మాయి. నన్ను సోఫా మీద పడుకోబెట్టి కుడివైపు నొక్కింది. కెవ్వుమనకుండా ఉండలేకపోయాను. పాట ఆగిపోయింది. "ఈ మధ్య ఆపరేషన్లేమైనా అయ్యాయా?"

"అబ్బే, ఏమీ లేదండీ. మనిషి ఉక్కు. కిటికీ గాలి తగిలింది" అన్నాడు రాదిషా.

ఆ అమ్మాయి నా వంక చూసింది. హాలంతా చూసింది.

"బెల్‌గ్రేడ్‌లో నా పొట్ట కోసేశారు" అన్నాను. "నేను ఒక్క మైలు కూడా నడవలేదు. రాళ్ళు కడతాయని, మాత్రలు మానొద్దని చెప్పారు. ఆపరేషన్ సంగతి బయటపడుతుందని ఇంట్లోవాళ్ళు నాతో మాన్పించారు. నేనూ మానేశాను. ఇప్పుడు రాయే అయ్యుంటుంది."

మిరోల్యుబ్ తన చేతిలో చెంచా వంక చూసుకున్నాడు. రాదిషా నా చెవి దగ్గరికి వంగి, "నలుగురిలో, ఇవాళే చెప్పాలా" అన్నాడు. ఏడుపు గొంతు అది. పాతికేళ్ళలో నా కోసం ఎప్పుడూ వినబడని ఏడుపు.

స్ట్రెచర్ మెట్లు దిగుతుంటే ఆ కుర్ర డాక్టరు అడిగింది, "రాయి జారి పైత్యం దారికి అడ్డం పడ్డట్టుంది, ఆలస్యం చేస్తే ప్రమాదం. తోడు ఎవరు వస్తారు?" రాదిషా దీపం వైపు చూశాడు. యజమాని దీపాన్ని వదిలి వెళ్ళకూడదు కదా అన్నాడు, అందరితోనూ, ఎవరితోనూ కాకుండా. మా అత్త ఒక కోటు తెచ్చి నా కాళ్ళ మీద కప్పి, గాలి తగలకుండా సరిగ్గా దోపింది. అంబులెన్సు తలుపులు మూశారు.

కదిలాక ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. "మీ ఇంట్లోవాళ్ళు తర్వాతైనా వస్తారా? ఎవరికి ఫోన్ చెయ్యమంటారు?"

"మా ఇల్లంటూ ఇక వెతుక్కోవాలమ్మా" అన్నాను. "వాళ్ళింట్లో ఇవాళ పండుగ."