ఎదురు తిరిగే లెన్సు

"నాన్న లెన్సులు ఎన్ని మిల్లీమీటర్లన్నావ్?" అద్దం ముందు నుంచి అడిగాడు నెజీబ్.

అతని చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తున్న భార్య రధియా, "ఒకటి యాభై ఎనిమిది, ఇంకోటి నూట ముప్ఫై అయిదు" అంది. అతను రెండుసార్లు వల్లె వేసుకున్నాడు.

ఆ సాయంత్రం స్ఫాక్స్ నగర సాంస్కృతిక భవనంలో ఫోటో ప్రదర్శన. పదిహేడు ఫోటోలు, అన్నింటి కిందా నెజీబ్ పేరే. తీసింది రధియా. మామగారు పోయాక ఆయన స్టూడియో బీరువాలో బూజుపట్టిన రెండు పాత లెన్సుల్ని తుడిచి, ఒక రింగు బిగించి, డిజిటల్ కెమెరాకు తగిలించింది ఆమే. సముద్రం వెనక్కి తగ్గిన వేళ బురదలో వంగి ఆల్చిప్పలు ఏరే ఆడవాళ్ళ వెంట రెండేళ్ళు తిరిగింది ఆమే. "లెన్సులు మా నాన్నవి, కెమెరా నా జీతంతో కొన్నది. ఒకే ఇంట్లో నీదేమిటి, నాదేమిటి?" అంటూ ప్రదర్శన దరఖాస్తు తన పేరున నింపేశాడు నెజీబ్. ఆ రోజు కూతురికి జ్వరం. వాదించే ఓపిక లేక ఊరుకుంది. ఊరుకున్నప్పటి నుంచీ ఆమెకు ఏ పని మీదా చెయ్యి నిలవడం లేదు.

"నొక్కితే పడే ఫోటోకి గంటలు గంటలు ఏం చేస్తావక్కడ?" అని తన తల్లి ముందు కూడా నవ్వేవాడు. అతని లెక్కలో అన్నీ వాటంతటవే అవుతాయి. సాక్సులు జతకూడతాయి, తల్లి మాత్రలు డబ్బాలో సర్దుకుంటాయి, కుస్‌కుస్ ఉడుకుతుంది. పొద్దున్నే ఆమె తన ఆఫీసుకు వెళ్ళేలోపు అవన్నీ ముగించి పరుగెత్తడం అతను చూడలేదు. లెన్సును వేళ్ళతో మెల్లగా తిప్పుకుంటూ, బురదలో నడిచే మనిషి మొహాన్ని స్పష్టంగా పట్టుకున్న ఆ క్షణంలోనే ఆమెకు ఊపిరాడేది.

ప్రదర్శనలో ఆమె నిమ్మరసం గ్లాసుల పళ్ళెంతో తిరుగుతోంది. మామగారి స్నేహితుడు, పాతకాలం ఫోటోగ్రాఫర్ హెదీ గారు ఒక ఫోటో ముందు చాలాసేపు నిలబడి, నెజీబ్ వైపు తిరిగారు.

"మీ నాన్న లెన్సులు రెండూ ఫోకస్‌కి ఎదురెదురు దిక్కుల్లో తిరిగేవి. ఒకటి కుడికి, ఒకటి ఎడమకి. నాకు అలవాటవడానికి ఏడాది పట్టింది. నువ్వెలా సర్దుకున్నావు బాబూ?"

"అదేముందండీ, కొత్త కెమెరా కదా. ఫోకస్ అదే చూసుకుంటుంది."

హెదీ గారు కళ్ళజోడు తీశారు. "ఈ లెన్సులకి చూసుకోదు బాబూ. ఎవరో ఒకరు తిప్పాలి."

నెజీబ్ కళ్ళు రధియా కోసం వెతికాయి, ఇంట్లో తాళాలు కనబడనప్పుడు వెతికినట్టు. "నువ్వు చెప్పు రధియా. నీకు గుర్తుంటాయిగా ఇవన్నీ."

ఆమె పళ్ళెం బల్ల మీద పెట్టింది. గ్లాసులు సన్నగా చప్పుడు చేశాయి.

"చిన్నది కుడికి తిరుగుతుందండీ, పెద్దది ఎడమకి. నాకు నాలుగు నెలలు పట్టింది. ఈ ఫోటోలు తీసింది నేను."

నెజీబ్ చెవులు ఎర్రబడ్డాయి. ప్రదర్శన చూసుకునే అమ్మాయి ఏం చేయాలో తోచక, పేర్ల చీటీలు మార్చమంటారా అని అతన్నే అడిగింది.

నెజీబ్ గొంతు సవరించుకున్నాడు. పెద్దమనసు తెచ్చుకుని, "ఇద్దరి పేర్లూ రాయండి" అన్నాడు.

"వద్దమ్మా" అంది రధియా. "ఒక్కటే రాయి." పెళ్ళయి పద్నాలుగేళ్ళుగా కాగితాల మీద తప్ప ఎక్కడా వాడని పుట్టింటి పేరుతో సహా తన పేరును ఒక్కో అక్షరం విడదీసి చెప్పింది.