తగ్గిందన్న మాట

ఆవిడకి అన్నిటికన్నా పెద్ద భయం ఇది: తన నోటితో నిజం చెప్పిన మరుక్షణం ఆయన గుండె ఆగిపోతుందని. జబ్బుతో పోతే తలరాత అని సరిపెట్టుకోవచ్చు. తన మాటతో పోతే ఏమని సరిపెట్టుకోవాలి?

ఆయన జన్మంతా బస్సు నడిపి రిటైరైన మనిషి. వీధిలో పిల్లా పెద్దా అందరికీ డ్రైవరుగారే. ఆవిడ చిన్నపిల్లల బడిలో ఆయాగా చేసి, మోకాళ్ళు మొరాయించాక మానేసింది. ఈ చలికాలం వాళ్ళింట్లో క్యాలెండరంతా ఆసుపత్రిదే. ఒక వారం రక్తపరీక్ష, ఒక వారం గుండె డాక్టరు, మధ్యలో కళ్ళు.

"ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా ఇన్ని డ్యూటీలు చెయ్యలేదే," అనేవాడాయన, మంకీ టోపీ చెవుల మీదికి లాక్కుంటూ.

బస్సులోనే వెళ్ళేవాళ్ళు. పొగమంచులో దారి కనబడక బస్సు పాకుతూ పోతుంటే, సీట్లో కూర్చున్న ఆయన కుడికాలు తనంతట తనే బ్రేకు తొక్కేది.

"కాలు తియ్యండి, అవతలాయన నడుపుతున్నాడుగా."

"ఏం నడపడం? క్లచ్చు మీదే కాపురం పెట్టాడు చూడు."

ఇంజను పక్కన కూర్చునీ కూర్చునీ ఎడమచెవి ఆయనకి ఎప్పుడో పోయింది. కుడిచెవి సగం పనిచేస్తుంది. తంటా అంతా ఆ సగం చెవి తెచ్చిపెట్టిందే.

ఆ రోజు డాక్టరమ్మ స్కానింగు రిపోర్టు చూసి, మూతికి మాస్కు తియ్యకుండానే, "గుండె కొట్టుకునే బలం పోయినసారి కంటే బాగా తగ్గింది," అంది. ఈయన చెవిన పడ్డవి చివరి రెండు మాటలే. మొహం చేటంతయింది.

"విన్నావుటే? బాగా తగ్గిందట! నేను చెప్పలా?" అంటూ లేచి, డాక్టరమ్మకి రెండు చేతులా దణ్ణం పెట్టాడు.

జ్వరం తగ్గినా తగ్గడమే, ఓపిక తగ్గినా తగ్గడమే. మాట ఒకటే మరి, పాపం ఆయన తప్పేముంది? డాక్టరమ్మ దిద్దబోయింది. ఆవిడ కళ్ళతోనే వద్దని బతిమాలింది. ఆయన్ని చొక్కా వేసుకోమని బయటికి పంపాక, డాక్టరమ్మ గొంతు తగ్గించి చెప్పింది.

"అమ్మా, మందులు మార్చాను. ఉప్పు బాగా తగ్గించాలి. బరువులెత్తకూడదు. ఉన్నట్టుండి కళ్ళు తిరిగి పడిపోవచ్చు కూడా. ఆయనకి తెలియాలి కదా. నేను చెప్పనా, మీరు చెబుతారా?"

"నేనే చెప్తానమ్మా. ఇంటికెళ్ళాక, నెమ్మదిగా."

నెమ్మదిగా చెబుదామనుకున్న మాట రేపు రేపంటూ వెనక్కి పోయింది. ఆయన చూడబోతే వీధంతా దండోరా. ఇస్త్రీబండి దగ్గర, పాల దుకాణం దగ్గర, మంగలి కుర్చీలో సబ్బునురగ మొహంతోనే, "నాకు బాగా తగ్గిందోయ్!" అదే పాట. ఆవిడ చెయ్యగలిగిందల్లా కూరలో ఉప్పు తగ్గించడం.

"ఏమే, నీ చేతికేమైనా పక్షవాతమా? ఇదేం కూర?"

"ఉప్పు అయిపోయిందండీ."

"నిన్నా అయిపోయింది, మొన్నా అయిపోయింది. సముద్రం గానీ ఎండిపోయిందా ఏమిటి?"

ఆవిడ నవ్వింది. నవ్వుతూనే పెరట్లోకి వెళ్ళి, తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి మజ్జిగ పోసింది. సాయంత్రం మేజోళ్ళు విప్పుతూ ఆయన వాచిన కాలి మీద బొటనవేలితో నొక్కితే, తడిపిన పిండి మీద నొక్కినట్టు గుంట అలాగే ఉండిపోయేది. మేజోళ్ళు బిగుతనేవాడాయన. అవునవునంటూ తలూపేది ఆవిడ.

ఇలా ఉండగా ఒక సాయంత్రం పక్కవాటాలో ఉండే బడివ్యాను డ్రైవరు కట్టు కట్టిన చేత్తో వచ్చాడు.

"బాబాయ్, నీకు నయమైపోయిందటగా! నా చెయ్యి బెణికింది, స్టీరింగు తిరగట్లా. రేపు పొద్దున పిల్లల్ని కాస్త బడి దగ్గర దింపిపెడతావా?"

మాట పూర్తికాకముందే తాళంచెవి ఈయన గుప్పిట్లో ఉంది. వ్యాను మనిషి వెళ్ళీ వెళ్ళగానే బూట్లకి పాలిష్ మొదలైంది.

"ఏమే, నా ఖాకీ చొక్కా ఎక్కడ పెట్టావు? ఇలా పట్రా."

ఆవిడ బీరువా తలుపు పట్టుకుని నిలబడిపోయింది. ఆ వ్యాను పిల్లలు ఆవిడకి తెలుసు. ఎవరి ముక్కు కారుతుందో, ఎవరు స్వెట్టరు గుండీ నములుతారో, ఎవరు ముందుసీటు కోసం కొట్టుకుంటారో అన్నీ తెలుసు. ఆ పొగమంచులో, ఏ మలుపులోనో ఆయనకి కళ్ళు తిరిగితే? ఇన్నాళ్ళ భయం అలాగే ఉంది. దాన్ని తోసుకుని ఇంకో భయం ముందుకొచ్చింది.

"ఏమండీ, ఆ తాళం తిరిగిచ్చేయండి."

"ఆఁ? పళ్ళెమా?"

అదీ ఖర్మ. నెమ్మదిగా చెప్పడానికి ఆ చెవి ఒప్పుకోదు. గుండె పగిలే మాటనైనా గొంతు చించుకునే చెప్పాలి. ఆవిడ ఆయన కుడిచెవి దగ్గరికి వంగి అరిచింది.

"తగ్గింది జబ్బు కాదండీ! గుండె బలం! డాక్టరమ్మ ఆ రోజు అన్నది అదీ! కళ్ళు తిరిగి పడిపోతారంది!"

అరిచి, ఆయన ఛాతీ మీద అరచెయ్యి ఆనించి ఊపిరి బిగబట్టింది. లోపల అది కొట్టుకుంటూనే ఉంది. తడబడుతూ, ఆగి ఆగి, కొట్టుకుంటూనే ఉంది.

ఆయన చేతిలో పాలిష్ గుడ్డ జారింది.

"నీకు అప్పట్నించీ తెలుసా?"

ఆవిడ తలూపింది.

"వీధి వీధంతా చాటుకొస్తుంటే నోరు కుట్టుకుని చూస్తూ కూచున్నావుటే?"

"మీ మొహం చూస్తే నోరు రాలేదండీ."

ఆయన బూట్లు పక్కకి తోసి, తాళంచెవి చేతిలోకి తీసుకున్నాడు. కోపం ఎటో పోయింది.

"బ్రేకుల్లేని బండిలోకి పసివాళ్ళని ఎక్కించబోయానే," అన్నాడు.

లేచి, గోడ పట్టుకుని, తనే పక్కవాటా దాకా వెళ్ళాడు. "ఒరేయ్, నాకు తగ్గలేదురా. ఇంకో డ్రైవర్ని చూసుకో," అన్న మాట ఆవిడకి ఇవతలికి వినిపించింది. తిరిగొచ్చాక ఆ పూట చప్పిడి కూరే కిక్కురుమనకుండా తిన్నాడు.

ఆ మర్నాటి నుంచి వీధంతా వాళ్ళింటికే. ఆయన ముందుగదిలో దుప్పటి కప్పుకుని కూర్చుంటాడు. వచ్చినవాళ్ళు పళ్ళు పెట్టి, ఎలా ఉందని అడిగి, టీ తాగి వెళతారు. ఆ టీలు కాచేది ఆవిడే. రాత్రిళ్ళు ఆయన ఊపిరి వింటూ కూర్చునేది ఆవిడే. ఆయన మాత్రలు వేళకి వేస్తూ తన బీపీ మాత్ర మరిచిపోయేదీ ఆవిడే. ఆవిడకి ఎలా ఉందని మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు.

మీ వీధిలోనూ ఇలాంటి ఇల్లు ఒకటి ఉండే ఉంటుంది. వెళ్ళినప్పుడు ముందుగదిలోంచే వచ్చేయకండి. వంటింట్లోకి వెళ్ళి ఆవిడని చూడండి. తిన్నావా అమ్మా అని అడగండి. తిన్నాననే అంటుంది. గిన్నె మూత తీసి చూడండి.