మూడో నంబరు ట్రయల్ రూము

షాపింగు అమ్మల ఆరోగ్యానికి మంచిదని మా ఇంట్లో వాదించి గెలిచిన ఘనత నాదే. ఎక్కడో చదివాను, దాన్ని సెల్ఫ్ కేర్ అంటారట. "బట్టలు కొనుక్కుంటే ఆరోగ్యం ఎలా వస్తుందే?" అన్నాడు మా ఆయన. "మీకు అర్థం కాదులెండి," అన్నాను. నాకూ అర్థం కాలేదు. కానీ గెలిచేటప్పుడు అలాంటివి పైకి అనకూడదు కదా! మొత్తానికి ప్రతి శనివారం నాలుగు నుంచి ఆరు దాకా నాకు సెలవు మంజూరైంది. ఆ రెండు గంటలూ పిల్లలు మా అత్తగారి దగ్గర ఉంటారు. ఆయన వారం రోజుల నిద్ర బాకీ తీర్చుకుంటాడు.

నేను కళ్లజోళ్ల దుకాణంలో చూపు పరీక్ష చేస్తాను. వచ్చినవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ల ముందు అద్దాలు మార్చి మార్చి, "ఇది బాగుందా? ముందుదా?" అని పొద్దస్తమానం అడుగుతూనే ఉంటాను. ఇంటికొస్తే అడగడం వాళ్ల వంతు. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు, మేజోడు ఎక్కడుందని అడుగుతుంది. బుడ్డోడికి ఐదేళ్లు. నేను బాత్రూంలో ఉన్నా సరే, తలుపు కింది సందులోంచి బొమ్మ గీసిన కాగితం లోపలికి తోసి, "బాగుందా అమ్మా?" అంటాడు. చూడకుండానే బాగుందంటే ఒప్పుకోడు. "ఏం వేశానో చెప్పు," అంటాడు.

ఇక అసలు సంగతి. ఆ శనివారాల్లో నేను ఒక్క గుడ్డముక్క కూడా కొనలేదు. బట్టల దుకాణం రెండో అంతస్తుకు వెళ్లి, ఒక నీలం డ్రెస్సు చేతికి తగిలించుకుని, మూడో నంబరు ట్రయల్ రూములో దూరి గడియ పెట్టుకునేదాన్ని. డ్రెస్సు కొక్కేనికి, వీపు అద్దానికి. చెప్పులు విప్పేసి, అక్కడున్న స్టూలు మీద కూర్చునేదాన్ని. అంతే, అదే నా సెల్ఫ్ కేర్. మిగతా గదుల్లో స్టూలు లేదు. అందుకే మూడో నంబరు ఖాళీ అయ్యేదాకా బయట బట్టల మధ్య తచ్చాడేదాన్ని. ఒకసారి లోపల గురక కూడా పెట్టాను కాబోలు, బయట టోకెన్లిచ్చే అమ్మాయి నవ్వాపుకుంటూ, "సైజు సరిపోయిందా మేడం?" అంది. "చేతులు కాస్త బిగుతమ్మా," అని తేలు కుట్టిన దొంగలా బయటపడ్డాను.

ప్రతిసారీ ఖాళీ చేతులతో వస్తే అనుమానం రాదూ? అందుకని ఆ డ్రెస్సు ఫోటో తీసుకొచ్చి ఆయనకు చూపించేదాన్ని. "ఎంత బాగుందో చూశారా! ఇంకా ఆలోచిస్తున్నా," అనేదాన్ని. అలా పదకొండు వారాలు ఆలోచించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

పన్నెండో వారం, శుక్రవారం సాయంత్రం, ఆయన ఒక అట్టపెట్టె తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. విప్పితే నీలం డ్రెస్సు!

"ఆ దుకాణం నుంచే ఫోన్లో తెప్పించా. పాపం, ఎన్నాళ్లని దాని చుట్టూ తిరుగుతావు? ఇకమీదట ఏం కావాలన్నా నాకు చెప్పు, గుమ్మంలోకి వచ్చేస్తుంది. శనివారాలు హాయిగా ఇంట్లోనే ఉండొచ్చు."

నా గడియ, నా స్టూలు, నా గంట, అన్నీ ఆ అట్టపెట్టెలో పెట్టి తెచ్చినట్టే ఉంది.

"ఎవరు తెమ్మన్నారండీ మిమ్మల్ని?" అని అరిచేశాను.

ఆయన ముఖం చిన్నబోయింది. పిల్లలు గుడ్లప్పగించి చూస్తున్నారు. "నచ్చలేదా?" అన్నాడు. "నచ్చింది!" అన్నాను కళ్లు తుడుచుకుంటూ. "మరి ఏడుస్తావేం?" అన్నాడు.

ఏం చెప్పను? వారానికోసారి మీ అందరి నుంచీ పారిపోయి, గడియ పెట్టుకుని కూర్చుంటున్నానని ఏ నోటితో చెప్పను? నా అంత పాపిష్టి తల్లి ఇంకెక్కడా ఉండదనిపించింది.

మా అత్తగారు సోఫాలో ఉతికిన బట్టలు మడతపెడుతున్నారు. లేచి వచ్చి, డ్రెస్సు నా భుజాలకు ఆనించి చూశారు.

"చేతులు బిగుతురా దీనికి. రేపు వెళ్లి మార్చుకొస్తుంది. నేనూ తోడెళ్తా. పిల్లల్ని నువ్వు చూసుకో."

"వేసుకోకుండానే ఎలా తెలుసమ్మా?"

"ఇన్నేళ్ల నుంచి చూస్తున్నా, ఆమాత్రం తెలీదా?"

మర్నాడు దారిలో ఉండబట్టలేక అడిగాను. "అత్తయ్యా, మీకు ముందే తెలుసా?"

"పాతింట్లో మేడ మీద బట్టలు ఆరేసి రావడానికి నాకు గంట పట్టేది. నాలుగు గుడ్డలు ఆరేయడానికి గంటెందుకే పిచ్చిదానా?" అన్నారు. "ఈ ఇంటికొచ్చాక మేడే లేదు. బట్టలన్నీ బాల్కనీలోనే, పిల్లల ఎదురుగానే."

ఈ ఇంటికొచ్చి మూడేళ్లు. నా శనివారాలన్నీ ఆవిడ పెట్టిన భిక్షేనని నాకు ఒక్కనాడూ తట్టలేదు. నేను సెల్ఫ్ కేర్ మీద ఉపన్యాసం దంచుతుంటే ఆవిడ పక్కనే బట్టలు మడతపెడుతూ కూర్చునుంటారు. సిగ్గుతో తల తీసేసినట్టయింది.

దుకాణంలో చేతికందిన ఆకుపచ్చ డ్రెస్సొకటి ఆవిడకు పట్టుకున్నాను. టోకెన్ల అమ్మాయి అలవాటుగా మూడో నంబరు నా చేతికిచ్చింది. దాన్ని ఆవిడ చేతిలో పెట్టాను.

"మీరు దీన్లోకి వెళ్లండి అత్తయ్యా. స్టూలుంటుంది."

నేను నాలుగులోకి వెళ్లి నేల మీద కూలబడ్డాను. పక్కన గడియ పడింది. చెప్పులు విప్పిన చప్పుడైంది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

ఇంతలో ఫోను వణికింది. ఆయన మెసేజి. "ఇంకెంతసేపు? నేను బాత్రూంలో ఉన్నా. వీడు తలుపు కింద నుంచి కాగితాలు తోస్తున్నాడు." ఫోను కట్టేశాను.

అయినా నా జబ్బు ఎక్కడికి పోతుంది? రెండు నిమిషాలు ఆగి, మధ్యలో ఉన్న చెక్కగోడ మీద వేలితో తట్టాను.

"అత్తయ్యా, బాగుందా?"

అవతలి గొంతు నిద్రమత్తుతో కాస్త బొంగురుగా ఉంది.

"ఆరింటిదాకా నన్ను ఏమీ అడక్కే, తల్లీ."