పన్నెండో గడి

అరుంధతి పన్నెండో గడిలో టిక్కు పెట్టి కాగితం తిప్పింది. మళ్లీ ఇంకో ఫారం, మళ్లీ అదే గడి. నారాయణగూడ సంతాన సాఫల్య కేంద్రంలో పదకొండేళ్లుగా ఆమె పని ఈ ఫారాలే. యాభై మూడేళ్ల మనిషి. కళ్లజోడు నొక్కి నొక్కి ముక్కుకు రెండు వైపులా నల్లటి మచ్చలు పడ్డాయి. మోకాలు నొప్పి ఉన్నా అశోక్‌నగర్ నుంచి నడిచే వస్తుంది.

దంపతుల్లో ఒకరు చనిపోతే, ఫ్రీజ్ చేసి దాచిన పిండాలను ఏం చేయాలి? పన్నెండో గడి అడిగేది అదే. పిల్లల కోసం వెయ్యి మొక్కులు మొక్కి వచ్చినవాళ్లను ఆ మాట అడగడమంటే పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోవడమే. కొందరు చెవులు మూసుకునేవారు. అత్తలైతే పేజీ తిప్పేసేవారు. "సంతకం పెట్టుండ్రి, మిగతాది నేను చూసుకుంట" అనేది అరుంధతి. సంతాన వైద్యం మీద కొత్త చట్టం వచ్చాక ఏ గడీ ఖాళీగా ఉండకూడదని డాక్టర్ వీరరాఘవరావు చెప్పాడు. ఏది పెట్టాలో చెప్పలేదు. ఇచ్చిన జవాబుల్లో మొదట ఉన్నది "పారవేయాలి". ఆమె దానికే పెట్టుకుంటూ పోయింది. చచ్చేదెవరులే అనుకుంది.

పన్నెండింటికి రచన వచ్చింది. ముప్పై కూడా నిండని పిల్ల. భర్త ఉమాకాంత్ విద్యానగర్‌లో బండి మీద నుంచి పడి చనిపోయి నాలుగు నెలలైంది. ఆ సంగతి పోయిన వారం ఫోన్‌లో తనే చెప్పి, దాచిన పిండాన్ని తన కడుపులో ఎప్పుడు పెడతారని అడిగింది. కేంద్రం వాళ్లు జవాబు చెప్పకుండా ఫైలు తీశారు.

అరుంధతి పక్కన నిలబడి ఉండగానే డాక్టర్ ఫారం చూపించాడు. "మీవారు రాసిచ్చిందేనమ్మా. తను పోతే పారేయమన్నారు. మేం చట్టం ప్రకారం నడుచుకోవాలి కదా. పొద్దున్నే ల్యాబువాళ్లు పిండాన్ని తీసి పారేశారు."

రచన ఏడవలేదు. ఆ టిక్కునే చూస్తూ కూర్చుంది. "పారెయ్యమన్నడా? నాకు చెప్పకుండనా? నా మీద నమ్మకం లేకుండెనా?"

అరుంధతికి అరికాలి మంట నెత్తికెక్కింది. పారేయాల్సిన పిండాల లిస్టు పొద్దున ల్యాబుకు మోసింది తనే. అందులో పేర్లుండవు, నంబర్లే. ఇప్పుడు చచ్చినవాడి మీద అబద్ధం. వాడొచ్చి కాదనలేడు. తను నోరు మూసుకుంటే ఉద్యోగం నిలుస్తుంది, ఈ పిల్ల మాత్రం బతికినన్నాళ్లూ మొగుణ్ణి అనుమానించుకుంటూ బతుకుతుంది.

"ఆయన పెట్టలేదమ్మా. నేను పెట్టిన."

"అరుంధతి గారూ, బయటికి వెళ్లండి."

"పోతనే ఉన్న సార్, జర ఆగుండ్రి. చావు మాటెందుకని మీ అత్తమ్మ పేజీ తిప్పింది. మీరు పోయినంక నేను టిక్కు కొట్టిన. నీకొక్కదానికే కాదు, వందల మందికి. ఖాళీ ఉండొద్దన్నది ఈయన. అడగనిది నేను. మాకు తెలిసిన చట్టం గదే, గడి నిండాలె!"

"జైలుకెళ్తారు, తెలుసా?"

"పోత. ఒక్కదాన్నే పోను."

తెల్లకాగితం మీద అదంతా రాసి, సంతకం పెట్టి రచనకిచ్చింది. "తీస్కపోయి కంప్లైంట్ ఇయ్యి." భుజం మీద చెయ్యి వేయబోయింది.

"చెయ్యి తియ్యి" అంది రచన. కాగితం రెండుసార్లు చదివింది. "ఆయన గట్ల రాసేటోడు కాదు" అని, అప్పుడు ఏడ్చింది.

అరుంధతి ఐడీ కార్డు బల్ల మీద పడేసి బయటికి నడిచింది. ఎవరూ ఆపలేదు. ల్యాబు తలుపు పక్కన, ఆసుపత్రి వ్యర్థాల బండి కోసం పెట్టిన పసుపు కవరు ఇంకా మూతి కట్టకుండానే ఉంది. అందులో అన్నిటికన్నా పైన పిండాన్ని దాచే, అగ్గిపుల్లకన్నా సన్నటి ప్లాస్టిక్ గొట్టం, దాని మీద నీలి సిరాతో చిన్న అక్షరాల్లో రెండు పేర్లు: రచన, ఉమాకాంత్.