మూడింటికి లేచే గీత

ముప్పై ఎనిమిదేళ్లు మా ఊరి సరస్సు నీటిమట్టం కొలిచి రాసినదాన్ని నేను. వానైనా మంచైనా పొద్దున ఏడింటికల్లా కొలబద్ద దగ్గర ఉండేదాన్ని. ఈ తెల్లెర్వో రాసిందంటే ఫిన్లాండులో తిరుగులేదు. అలాంటి నన్ను డెబ్బై నాలుగో ఏట, భుజానికి అతికించిన బిళ్ళ ఒకటి అబద్ధాలకోరును చేసింది.

నాకు టైప్ టూ షుగరు. ఆ బిళ్ళ రోజంతా చక్కెర కొలుస్తూ ఫోనులో గీత గీస్తుంది. పొద్దున జావ తాగితే గీత లేస్తుంది, రెండు మూడు గంటల్లో దిగుతుంది. పదకొండింటికి చేపా బంగాళాదుంపా తింటే మళ్ళీ అంతే. నాకు అర్థం కానిది మూడో గీత. రోజూ మధ్యాహ్నం మూడింటికి లేచి, పది దాటకూడనిది నాలుగింటికి పదమూడు దాటి, ఆరింటికి దిగేది. ఆ వేళ నేనేమీ తినను. తీపి మానేసి నెలైంది.

నర్సు ఔతి ఆ గీతను వేలితో చూపించింది. "తెల్లారుజామునైతే కాలేయం తనంతట తనే చక్కెర వదుల్తుందండీ. ఇది అది కాదు. ఇలా ఎక్కి ఇలా దిగిందంటే తిన్నట్టే. దాచకండి, ఇలాగే ఉంటే ఇన్సులిన్ సూదులు మొదలెట్టాలి."

దాచడమా! నాకు ఒళ్ళు మండింది. వీధి చివర ఉండే చెల్లెలు క్యుల్లిక్కితో చెబితే అది ఇంకా మండించింది.

"అక్కా, నా చెవిలో పువ్వులు పెట్టకు. చుట్టాల కోసం ఫ్రీజర్లో దాచిన ఏలకుల బన్నులేమైనట్టు? ఎలుకలు వెన్న రాసుకుని తిన్నాయా?"

"నేను ముట్టుకోలేదే!"

"అయితే బావ లేచొచ్చి తింటున్నాడేమో."

అది పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆయన పోయి పదకొండేళ్లయింది, ఇంట్లో నేనొక్కదాన్నే. ఆ మర్నాడు తలుపు గొలుసు పెట్టుకుని కూర్చున్నాను. ఐదింటికి చూస్తే సింకు పైన అరలో కప్పు తడిగా ఉంది. కాఫీ గిన్నె వెచ్చగా ఉంది. బల్ల మీద రొట్టె పొడి. గొలుసు మాత్రం వేసింది వేసినట్టే ఉంది. తినేదెవరో, ఎక్కేది నా రక్తానికి. నవంబరు కదా, మూడున్నరకే కిటికీలు నల్లబడేవి. నేను గోడకు వీపు ఆనించి కూర్చునేదాన్ని.

చివరికి క్యుల్లిక్కినే పిలిచాను. "రెండు నుంచి నాలుగు దాకా నా ఎదురుగా కూర్చో. రెప్ప వాల్చకు. నేను అబద్ధమాడుతున్నానో లేదో నీ కళ్ళతోనే చూడు."

అది మేజోడు అల్లుతూ కూర్చుంది. మడమ దాకా వచ్చింది. దాని కోడలి గురించి మాట్లాడుకున్నాం. ఒక్క క్షణం కిటికీ వైపు చూసి తల తిప్పాను. మేజోడు వేళ్ల దాకా అయిపోయి ఉంది. బయట చీకటి. ఫోను మోగింది. పదమూడు పాయింట్ ఎనిమిది.

"చూశావా!" గెలిచినట్టు అరిచాను. "నువ్విక్కడే ఉన్నావుగా! చెప్పు, నేనేమైనా తిన్నానా?"

క్యుల్లిక్కి అల్లిక సూదులు కింద పెట్టింది. దాని ముఖంలో నెత్తురు లేదు.

"కాఫీ పెట్టావక్కా. మూడు బన్నులు తిన్నావు. నేను వద్దంటే నన్నే కసిరావు. కప్పు కడిగి నువ్వే అరలో పెట్టావు."

"వేళాకోళమా?"

అది బల్ల మీది రొట్టె పొడి చూపించింది. నాలుక పళ్ల మీద తిప్పాను. ఏలకుల రుచి తగిలింది.

క్యుల్లిక్కి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "నిన్ను అన్యాయంగా తిట్టానక్కా. నువ్వు అబద్ధమాడట్లేదు. నీకు నిజంగానే గుర్తుండట్లేదు."

నెల రోజులుగా ఆ ఒక్క మాట కోసమే అందరితో పోట్లాడాను. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకొమ్మని దాన్ని బతిమాలుకున్నాను.